తెర మీద గంగ, తెర వెనుక కులం

తెలుగు సినిమా పుట్టుక గురించి రాసిన పుస్తకాలలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. ఆ రోజులలో స్త్రీలు నటించడానికి ముందుకు వచ్చేవారు కారనీ, అందువల్ల పురుషులే ఆడవేషాలు కట్టేవారనీ, లేదంటే ఆంగ్లో-ఇండియన్ యువతులను వెతికి తెచ్చుకోవలసి వచ్చేదనీ దాని సారాంశం. వరంగల్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠం చెప్పే నాకు ఈ వాక్యం ఏటా జవాబుపత్రాలలో కనబడుతూనే ఉంటుంది. మార్కులు తెచ్చిపెట్టే వాక్యాన్ని ప్రశ్నించవలసిన అవసరం విద్యార్థులకు కలగదు. కానీ ముందుకు రానిది ఏ స్త్రీలు, వారు రానిది ఎవరి ముందుకు అన్న రెండు ప్రశ్నలు వేసి చూస్తే, ఆ వాక్యం సినిమా గురించి కంటే కులం గురించే ఎక్కువ చెబుతోందని తెలిసిపోతుంది. తెలుగు సినిమా పితామహుడని మనం గౌరవించుకునే రఘుపతి వెంకయ్య జీవితాన్ని ఈ రెండు ప్రశ్నలతో మరొకసారి చదవడం అవసరమని నాకు అనిపిస్తుంది.

వెంకయ్య 1869 అక్టోబర్ 15న మచిలీపట్నంలో జన్మించారు. పేరు చివర నాయుడు అన్న మాట ఉన్న కుటుంబం. పూర్వీకులు ఆంగ్లేయుల సైన్యంలో పనిచేసినవారు. ఆయన యుక్తవయసులోనే మద్రాసు చేరి ఫొటోగ్రఫీ నేర్చుకుని మౌంట్ రోడ్డు ప్రాంతంలో స్టూడియో పెట్టుకున్నారు. ఆ వృత్తికి శాస్త్రాల అనుమతి లేదు, నిషేధమూ లేదు. రసాయనాలు కలపడం, గాజు పలకలు కడగడం, చీకటి గదిలో గంటల తరబడి నిలబడడం, అంతా చేతిపని. వంశపారంపర్యంగా ఎవరికీ సొంతం కాని పని గనుకనే ఆయన వంటివారికి అందులో చోటు దొరికింది. దక్షిణాదిలో సినిమాకు పునాది వేసిన మరి ఇద్దరిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గుడారపు సినిమా మొదలుపెట్టిన సామికన్ను విన్సెంట్ క్రైస్తవుడు, రైల్వే ఉద్యోగి. 'కీచక వధం' తీసిన నటరాజ మొదలియార్ మోటారు విడిభాగాల వ్యాపారి. ముగ్గురూ బ్రాహ్మణేతరులే. 1916లో బ్రాహ్మణేతర ప్రకటన వెలువడి, 1920లో జస్టిస్ పార్టీ మద్రాసులో మంత్రివర్గం ఏర్పరచిన కాలానికి ఈ సినిమా చరిత్ర సమాంతరంగా నడిచింది. మన సినీ చరిత్రకారులు ఈ రెండింటినీ ఒకే పుటలో పెట్టి చూడరు.

1909లో వెంకయ్య జీవితం మలుపు తిరిగింది. ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ సంస్థ తయారుచేసిన క్రోనోమెగాఫోన్ అనే యంత్రం ఆయనను ఆకర్షించింది. తెర మీద బొమ్మ కదులుతుండగా పక్కన పళ్ళెం తిరిగి శబ్దం వినిపించే సాధనమది. దాని ఖరీదు 30,000 రూపాయలని చెబుతారు. బంగారం తులం ఇరవై, ముప్పై రూపాయలు పలికే రోజులలో అది ఎంత మొత్తమో పాఠకులే ఊహించుకోవచ్చు. ఆయన స్టూడియోను తాకట్టు పెట్టి యంత్రాన్ని కొన్నారు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ఇచ్చారు. ఆ తరువాత బెంగళూరు, విజయవాడ మొదలైన చోట్లకూ, సింహళానికీ, బర్మాలోని రంగూన్, పెగూ పట్టణాలకూ ఆ యంత్రాన్ని మోసుకుపోయారు. కోస్తా జిల్లాల నుంచి కూలికి వలసపోయిన తెలుగువారితో రంగూన్ రేవు నిండి ఉన్న కాలమది.

వెంకయ్య తొలి ప్రదర్శనలలో 'రాజాస్ కాస్కెట్', 'పెరల్ ఫిష్' వంటి చిన్న చిన్న మూకీ చిత్రాలు ఉండేవి. అప్పటి ఫ్రెంచి చిత్రాలలో స్త్రీ ఎలా కనిపించేదో తెలియాలంటే 1896 దాకా వెళ్ళాలి. ఆ ఏడాది జార్జ్ మెలియస్ తీసిన ఒక చిత్రంలో ఇంద్రజాలికుడు కుర్చీలో కూర్చున్న స్త్రీ మీద గుడ్డ కప్పి తీయగానే ఆమె మాయమవుతుంది. గుడ్డ కప్పేది పురుషుడు, మాయమయ్యేది స్త్రీ. తరువాత పదేళ్ళ పాటు యూరప్ మాయాచిత్రాలలో స్త్రీలు పూలలో నుంచి పుట్టారు, పెట్టెలలో నుంచి లేచారు, పొగగా మారిపోయారు. అదే 1896లో ఆలిస్ గీ అనే ఫ్రెంచి యువతి తానే దర్శకురాలై క్యాబేజీ తోటలో నుంచి పసిపిల్లలను తీసే దేవకన్య కథను చిత్రించింది. అయినా మెలియస్ పేరు తెలిసినంతగా ఆమె పేరు లోకానికి తెలియలేదు. చరిత్రలో స్త్రీ మీద గుడ్డ కప్పడం తెర మీదికే పరిమితం కాలేదు.

1914లో వెంకయ్య మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టించారు. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి శాశ్వత సినిమాశాల అదే. తరువాత మింటు వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ వచ్చాయి. వాటిలో ఆయన ఆడించిన చిత్రాల జాబితా చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. 'మిలియన్ డాలర్ మిస్టరీ', 'క్లచింగ్ హ్యాండ్' పేరుతో ఆడిన కథలు, 'బ్రోకెన్ కాయిన్', 'మిస్టరీస్ ఆఫ్ మైరా'. ఇవన్నీ అమెరికాలో 1914 నుంచి 1916 వరకు వచ్చిన ధారావాహికలు. ఒక్కొక్క భాగం రెండేసి రీళ్ళ చిన్న చిత్రం. అన్నింటికీ కేంద్రం స్త్రీయే. క్లచింగ్ హ్యాండ్ అనే ముసుగు దుర్మార్గుడు వెంటాడే ఇలైన్ పాత్రలో పెరల్ వైట్ నటించింది. 'బ్రోకెన్ కాయిన్'లో గ్రేస్ కనార్డ్ పత్రికా విలేకరి. సగం విరిగిన నాణెం పట్టుకుని తెలియని రాజ్యానికి ఒంటరిగా బయలుదేరుతుంది. ఆ ధారావాహిక రచనలోనూ ఆమె చేయి ఉంది.

వీటిని స్త్రీ విముక్తి చిత్రాలని పొగడడం నా ఉద్దేశం కాదు. ఇలైన్‌ను ప్రతివారం ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, మరొక మగవాడు వచ్చి కాపాడతాడు. మైరా సగం కథ వశీకరణలోనే గడుపుతుంది. అయినా ఆ స్త్రీలు పరుగెత్తారు, తుపాకీ పట్టారు, తండ్రి ఆస్తికి వారసులయ్యారు. గడప దాటినందుకు వారిని ఎవరూ వెలివేయలేదు. గెయిటీలో నేల మీద కూర్చున్న కూలీ, బెంచీ మీది గుమాస్తా, కుర్చీలోని వకీలు ఒకే చీకటిలో వారిని చూశారు. గుడి, బడి, బావి అంటరానివారికి మూసి ఉన్న రోజులలో కులాన్ని అడగకుండా టికెట్టు ధరను మాత్రమే అడిగిన చోటు సినిమాశాల. ధరల తేడాలో కులం మరొక దారిన లోపలికి వచ్చింది నిజమే. కానీ కప్పు ఒక్కటే, తెర ఒక్కటే. ఆ మేరకు వెంకయ్య కట్టిన గోడలకు సాంఘిక చరిత్రలో చోటు ఉంది.

తెల్ల స్త్రీ పరుగెత్తుతుంటే ఈలలు వేసిన ఆ ప్రేక్షకుల ముందుకు మన స్త్రీని తేవలసి వచ్చినప్పుడు ఏమి జరిగింది? బొంబాయిలో ఫాల్కే అనుభవం అందరికీ తెలిసినదే. 1913లో 'రాజా హరిశ్చంద్ర'లోని తారామతి పాత్రకు స్త్రీ దొరకక హోటలు వంటశాలలో పనిచేసే సాలుంకే అనే యువకుడికి చీర కట్టారు. 1917లో 'లంకాదహనం'లో రాముడూ అతనే, సీతా అతనే. మధ్యలో 1913లోనే 'మోహినీ భస్మాసుర' చిత్రంలో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించారు. దుర్గాబాయి భర్త నుంచి విడిపోయిన బ్రాహ్మణ స్త్రీ. నటించినందుకు ఆమెను సొంత కులమే వెలివేసింది. కులస్త్రీ అన్న మాటలో కులం ముందు, స్త్రీ తరువాత ఎందుకు వస్తుందో ఆమె జీవితం చూస్తే అర్థమవుతుంది.

వెంకయ్య తన కుమారుడు ప్రకాశ్‌ను సినిమా నిర్మాణం నేర్చుకోవడానికి లండన్ పంపారు. ప్రకాశ్ అక్కడి బార్కర్ సంస్థలో శిక్షణ పొంది, యూరప్, అమెరికా స్టూడియోలను చూసి వచ్చారు. తండ్రీకొడుకులు మద్రాసులో సూర్యరశ్మి లోపలికి పడేలా గాజు పైకప్పుతో స్టూడియో కట్టి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించారు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది. దర్శకుడు ప్రకాశ్, భీష్ముడూ ఆయనే. గంగ పాత్ర ధరించింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో-ఇండియన్ యువతి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. తలమీద చల్లుకుంటే పాపాలు పోతాయని సవర్ణ సమాజం నమ్మే గంగ. ఆ గంగ వేషం కట్టింది తమ వంటింటి గడప తొక్కనివ్వని క్రైస్తవ యువతి. ఈ వైరుధ్యం ఎవరికీ ఎందుకు అభ్యంతరం కాలేదు? ఆమె వర్ణవ్యవస్థకు బయటి మనిషి గనుక. ఆమెను వేలమంది చూసినా ఏ కులం పరువూ పోదు. ఏ ఇంటి తండ్రీ, ఏ ఊరి పెద్దా ఆమె గురించి తలదించుకోనక్కరలేదు. పైగా ఆమె మేనిఛాయ దేవతలకు మనం ఊహించుకున్న రంగుకు సరిపోయింది. దేశమంతటా ఇదే ఏర్పాటు నడిచింది. యూదు కుటుంబానికి చెందిన రూబీ మైయర్స్ సులోచన అయింది. ఆంగ్లో-ఇండియన్ రెనీ స్మిత్ సీతాదేవి అయింది. పేరు మార్చడం వ్యాపార చతురత మాత్రమే కాదు, ఒక రకమైన శుద్ధి కూడా. శరీరం బయటిదే, పేరు లోపలిది.

'భీష్మ ప్రతిజ్ఞ' కథను కూడా మనం సగమే చదువుతున్నాం. భారతంలో ఆ ప్రతిజ్ఞకు కారణం ఒక జాలరి కుటుంబం. పడవ నడిపే సత్యవతిని శంతనుడు మోహించాడు. ఆమె తండ్రి దాశరాజు, రాజు అడిగాడు కదా అని తలవంచి పిల్లను ఇవ్వలేదు. నా కూతురి కొడుకుకే సింహాసనం దక్కాలని షరతు పెట్టాడు. యువరాజు రాజ్యం వదులుకుంటానంటే కూడా ఊరుకోలేదు, రేపు నీ కొడుకులు తగాదాకు వస్తే ఏమిటని అడిగాడు. దానికి జవాబే ఆ భీషణ ప్రతిజ్ఞ. కింది కులపు స్త్రీ శరీరం రాజులకు ఎప్పుడూ అందుబాటులోనే ఉండేది. ఆమె సంతానానికి అధికారం అందడమే అరుదు. దాశరాజు ఆ సంగతి ఎరిగిన రాజకీయవేత్త. ఆ మాటకు వస్తే కురువంశం సాగింది కూడా సత్యవతి నిర్ణయం మీదే. ఆమె కన్న వ్యాసుడే ధృతరాష్ట్ర, పాండురాజులకు జన్మనిచ్చాడు. మనం మాత్రం తరతరాలుగా ఒక క్షత్రియుడి బ్రహ్మచర్యాన్ని కీర్తించి, ఒక బెస్త తండ్రి చేసిన బేరాన్ని అత్యాశగా చెప్పుకున్నాం. బ్రాహ్మణేతరులకు అధికారంలో వాటా గురించి మద్రాసు శాసనసభ వాదించుకుంటున్న ఏడాదిలోనే ఈ కథ తెరకెక్కింది. కానీ తెలుగువారి తొలి చిత్రం పేరు దాశరాజు షరతు కాలేదు, భీష్ముడి ప్రతిజ్ఞ అయింది. ప్రకాశ్ తీసిన మూకీలలో నందనార్ కథ కూడా ఉంది. పంచముడైన నందనుడు నిప్పులో దూకి పునీతుడైతే తప్ప చిదంబర దేవుడి దర్శనం దొరకని పురాణమది. సినిమాను స్థాపించిన చేతులు బ్రాహ్మణేతరులవే అయినా, అవి ఎత్తుకున్న కథలు పాతవే. వెంకయ్యను ఎంత గౌరవించినా ఈ మాట చెప్పక తప్పదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నటించడానికి ముందుకు రానిది ఏ స్త్రీలు? తెలంగాణ పల్లెలలో చిందు మాదిగలు తరతరాలుగా యక్షగానం ఆడుతున్నారు. భార్యాభర్తలు, పిల్లలు, కోడళ్ళు కలిసి ఆడే కుటుంబ మేళాలవి. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలే కాదు, పురుష పాత్రలు కూడా ధరించి మెప్పించింది. 2005లో కన్నుమూసిన ఆమె తన తరంలో ఒంటరి మనిషి కాదు, ఒక పరంపరకు కొనసాగింపు. మా వరంగల్, జనగామ ప్రాంతాలలోనూ చిందు మేళాలు ఊరి నడుమ రాత్రంతా ఆడాయి. ఎల్లమ్మ వేషంలో ఉన్నంతసేపు చేతులెత్తి మొక్కిన ఊరే, వేషం విప్పాక ఆ కుటుంబాన్ని వెలివాడకు పంపింది. జోగినిగా మార్చబడిన దళిత బాలికను జాతరలో అందరూ చూస్తుండగా ఆడించింది కూడా ఇదే సమాజం. కోస్తాలో కళావంతుల స్త్రీలు సంగీతం, నాట్యం, అభినయం నేర్చి సభలలో ప్రదర్శించారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజంలో స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు.

అంటే నటించే స్త్రీలు లేకపోవడం కాదు, లెక్కలోకి వచ్చే స్త్రీలలో నటులు లేకపోవడమే సంగతి. పొలంలో, బజారులో, జాతరలో దళిత, బహుజన స్త్రీ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంది. ఆమె కనిపించడాన్ని ముందుకు రావడమని చరిత్రకారులు అనలేదు, అంతే. వెంకయ్య క్రౌన్, గ్లోబ్ నడుపుతున్న రోజులలోనే, 1917లో, భాగ్యరెడ్డివర్మ బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. జోగిని, దేవదాసి ఆచారాలకు వ్యతిరేకంగా ఆయన పోరాడారు. తమ స్త్రీలను ఊరి ముందు ఆడించే హక్కు ఊరికి లేదన్నది ఆ ఉద్యమ సారాంశం. ఒకవైపు సవర్ణ కుటుంబాలు తమ స్త్రీ ఎవరి కంటా పడకూడదంటుండగా, మరొకవైపు దళిత ఉద్యమం తమ స్త్రీని అందరి సొత్తుగా చూడవద్దంటోంది. పైకి ఒకే మాటలా వినిపించే ఈ రెండూ ఒకటి కావు. మొదటిది పరువు, రెండవది విముక్తి. 1927లో ప్రభుత్వం నియమించిన రంగాచారియార్ సినిమా విచారణ సంఘం ముందు మాత్రం మొదటి గొంతే బలంగా వినిపించింది. గౌరవ కుటుంబాల స్త్రీలు సినిమాలలోకి ఎందుకు రావడం లేదన్నది అక్కడ పదే పదే చర్చకు వచ్చింది. గౌరవం ఏ కుటుంబాలకు ఉంటుందన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

దళిత స్త్రీ నిజంగానే కెమెరా ముందుకు వస్తే ఏమవుతుందో తిరువాన్కూరు చూపించింది. 1920ల చివర జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' మలయాళంలో తొలి చిత్రం. పులయ కులానికి చెందిన పి.కె. రోజీ అందులో నాయర్ స్త్రీ పాత్ర ధరించింది. తిరువనంతపురం కాపిటల్ థియేటర్‌లో ఒక పులయ యువతి నాయర్ స్త్రీగా కనిపించడాన్ని సవర్ణులు సహించలేకపోయారు. తెర మీద రాళ్ళు పడ్డాయి, ఆమె ఇల్లు తగలబడింది. ఆమె తమిళనాడుకు పారిపోయి, పేరు మార్చుకుని, ఒక లారీ డ్రైవరును పెళ్ళాడి మిగిలిన జీవితం అజ్ఞాతంగా గడిపింది. ఆంగ్లో-ఇండియన్ యువతి దేవతగా నటిస్తే అభ్యంతరం లేదు. దళిత యువతి మామూలు నాయర్ మనిషిగా నటిస్తే ఇల్లు మిగలలేదు. పెగ్గీ కాస్టెల్లోను, రోజీని పక్కపక్కన నిలబెట్టి చూస్తే గాని 1921 నాటి గంగ పాత్ర ఎంపికలోని లౌక్యం అర్థం కాదు.

ఇదంతా మద్రాసు, తిరువాన్కూరుల సంగతి, నిజాం రాజ్యానికి సంబంధం లేదని మా ప్రాంతపు పాఠకులు అనుకోనక్కరలేదు. వరంగల్ సుబా కేంద్రంగా ఉన్న ఆ రాజ్యంలో, హైదరాబాద్‌లో, ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ కళాకారుడు 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. 'లేడీ టీచర్', 'స్టెప్ మదర్', 'మ్యారేజ్ టానిక్' వంటి పేర్లు చూస్తే చాలు, చదువుకున్న స్త్రీ, సవతి తల్లి, పెళ్ళి ఆనాటి తెరకు ఏ రకమైన సరుకులో తెలుస్తుంది. 1924లో ముస్లిం రాణి, హిందూ పురుషుడి ప్రేమకథగా వచ్చిన 'రజియా బేగం'ను ప్రదర్శించినందుకు నిజాం ఆయనను రాజ్యం విడిచి పొమ్మన్నాడు. స్త్రీ ఎవరిని ప్రేమించాలన్న దగ్గరకు వచ్చేసరికి ఏ మతపు ప్రభువుకైనా సినిమా వినోదం కాకుండా పోతుంది.

వెంకయ్య చివరి దశ విషాదంగా సాగింది. చిత్ర నిర్మాణం ఆయనను అప్పులలో ముంచింది. థియేటర్లు ఒక్కొక్కటే చేజారాయి. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు. ఆయన నిర్మించిన మూకీలలో ఒక్కటి కూడా ఈనాడు చూడడానికి మిగలలేదు. నాలుగు దశాబ్దాల తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది పురస్కారాలలో ఆయన పేరిట ఒక అవార్డు నెలకొల్పింది. తండ్రి పేరు నిలిచింది, కొడుకు పేరు పుస్తకాలలో ఉంది. వారి తొలి నాయిక పేరు మాత్రం ఒక్క పాత్ర పక్కన రెండు మాటలుగా మిగిలింది.

ఆయన బతికి ఉండగానే, 1932 ఫిబ్రవరిలో, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో తెలుగు తెర మాట్లాడడం నేర్చింది. 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. వెంకయ్య క్రోనోమెగాఫోన్ కొనడానికి సుమారు రెండేళ్ళ ముందు ఆమె పుట్టింది. దమయంతి వేషంలో ఉన్న తల్లికి నాటకం నడుమనే నొప్పులు వచ్చాయనీ, తెర దించి కాన్పు చేశారనీ, అదీ కథలో భాగమే కాబోలునని ప్రేక్షకులు కదలకుండా కూర్చున్నారనీ సురభి కుటుంబాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు.